‘చేనుకు గట్టు, ఊరికి కట్టు’లో గట్టు ఏ గట్టు?

ఈ సామెతకి ‘పొలానికి కంచె ఎలాగో ఊరికి చట్టం అలాగ’ అని అర్థం చెప్తుంటారు. కట్టు అంటే కట్టుబాటు, దాంతో నాకు పేచీ లేదు. గట్టుని కంచె అనడమే నచ్చలేదు. కంచె వేసుకున్నవాడిది, గట్టు ఇద్దరిదీ. మా కృష్ణా డెల్టాలో వరిచేలకి కంచెలెక్కడివి? గట్టు మీదే నడక, మందు డబ్బా వీపున వేసుకుని వెళ్లేదీ దాని మీదే, పై చేలో నీళ్లు కింది చేలోకి దిగేది దానికి కొట్టిన గండిలోంచే, ఇక గట్టున వేసిన కంది ఎవరు కోసుకోవాలన్నది పూర్తిగా నోటిమాట. దమ్ముకి (నాట్ల కోసం నీళ్లు పెట్టి బురదగా దున్నడానికి) ముందు పార పట్టుకుని గట్టు చెక్కేటప్పుడు గడ్డి కోసం ఎంత చెక్కాడో, చేను పెంచుకోడానికి ఎంత చెక్కాడో ఆ చెక్కేవాడికే తెలియాలి. అందుకే సామెత దీన్ని తెచ్చి ఊరి కట్టుబాటు పక్కన పెట్టిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

– అన్నా, మాది కరీంనగర్ దిక్కు. మాకు రెండు మాటలున్నయి. సొంత మడుల నడుమ ఉండేది ఒడ్డు, దాన్ని చెక్కి ఒరం పెడతం, అంటే నీళ్లు కారకుండ బురద మెత్తుడు. పక్కోళ్ల భూమికి మనకు నడుమ ఉండేది గెట్టు. ఊర్లల్ల పంచాయితీ అయితే ‘గెట్టు పంచాయితీ’ అనే అంటరు, ఒడ్డు పంచాయితీ అని నేనైతే ఎప్పుడు వినలే. మీ సామెతల ఉన్నది మా గెట్టే.

– చిత్తూరు వైపు మేము గెనిమ అంటాం. సొంతదైనా పక్కవాళ్లతో కలిసినదైనా అదే మాట.

– కరీంనగర్ తమ్ముడూ, ఈ తేడా బాగుంది. మాకు రెండూ గట్టే, మరీ అవసరమైతే ‘సరిహద్దు గట్టు’ అంటాం. దస్తావేజులో మాత్రం చెక్కుబందీ అని రాస్తారు, తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంటకాలువ అని నాలుగు దిక్కులూ. అంటే గొడవపడి మాటలు మానేసిన పక్క రైతు పేరు కూడా మన కాగితంలో ఉంటుందన్నమాట, అది తప్పించుకోలేం.

– ఇప్పుడు పారతో చెక్కేవాళ్లు ఎక్కడున్నారండీ, అంతా ట్రాక్టర్‌కి తగిలించి దున్నే రోటావేటరే. మేం పొద్దున్నే పక్క చేను ఆయనకి ఫోన్ చేసి ‘బాబాయ్, ట్రాక్టర్ వస్తోంది, ఓసారి గట్టు దగ్గరికి రా’ అని పిలుస్తాం. ఆయన నిలబడి చూస్తే డ్రైవర్ గట్టు జోలికి పోడు. పిలవకుండా దున్నించి, తర్వాత సర్వేయర్‌ని తెచ్చి కొలిపించుకుని రాళ్లు పాతించుకున్నవాళ్లూ ఉన్నారు, రాళ్లు పాతారు గానీ ఆ ఏడాది కింది చేనాయన నీళ్లు దిగనివ్వలేదు.

– అట్ల పిలువకుండ గెట్టు దున్నేస్తే మా దిక్కు ‘గెట్టు తెంపిండు’ అంటం. ఒకడు పక్కోడి భూమిల జొరబడ్డా అదే మాట. దీనికి మీ డెల్టాల ఏమంటరు, గట్టు కలుపుకున్నాడనేనా?