పాపకు స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంగడం) బెల్ట్ వేయమన్నారు, ఎముకలు బలహీనపడతాయా?

ప్రొద్దుటూరు అమ్మ:
మా పాపకు పదమూడేళ్లు. జడ వేస్తుంటే కుడి రెక్క ఎముక వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించింది. ఎక్స్‌రేలో వెన్ను వంపు 31 డిగ్రీలు. ఇంకా పెద్దమనిషి కాలేదు, ఎదిగే వయసు కాబట్టి రోజుకు 18 గంటలు బెల్ట్ వేయాలన్నారు. బెల్ట్ అంటే గట్టి ప్లాస్టిక్ డొప్ప, చంక కింది నుంచి తుంటి దాకా. మా అత్తేమో అంతసేపు బిగించి పెడితే ఎముకలు చచ్చుబడతాయంటుంది. విటమిన్ డి కూడా తక్కువే వచ్చింది. మా ఆయనకు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ వల్లేనేమోనని అనుమానం. పైగా మన ఎండలు సంగతి తెలిసిందే కదా. వాడినవాళ్లు ఎవరైనా చెప్పండి.

అనంతపురం డిగ్రీ పాప:
అక్కా, నేను హైస్కూల్లో మొదలుపెట్టి ఇంటర్ దాకా వేసుకున్నా. మా అవ్వ కూడా అచ్చం ఇదే మాట అనేది. బెల్ట్ ఎముకను తినేయదు. ఈ వంపు ఉన్న పిల్లల్లో చాలామందికి బెల్ట్ వేయకముందే ఎముక సాంద్రత కాస్త తక్కువుంటుందట, ఆ నింద బెల్ట్ మీద పడుతుంది. అసలు చేటు ఎక్కడంటే, బెల్ట్ ఉంది కదా అని ఆటలు మాన్పించడంలో. మిగిలే ఆరు గంటల్లో స్నానం పోను స్కిప్పింగ్, కబడ్డీ, ఏదైనా ఆడనీయండి. ఎముకకు గెంతులే బలం.

గంటల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. అమెరికా, కెనడాల్లో చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో బెల్ట్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల పూర్తయింది. వేసుకోనివాళ్లలో అది 48 శాతమే. బెల్ట్‌లో సెన్సర్ పెట్టి చూస్తే, రోజుకు సుమారు 13 గంటలు దాటినవాళ్లలో 90 శాతం పైనే గట్టెక్కారు. ఉన్న వంపు మొత్తం పోతుందని మాత్రం ఆశ పెట్టొద్దు. పెరగకుండా ఆపడమే దాని పని.

ఎండాకాలం నరకమే, అబద్ధం చెప్పను. లోపల కుట్లు లేని కాటన్ బనియన్, తడిసిందంటే వెంటనే మార్చాలి. క్రీములు, నూనె రాయొద్దు, చర్మం మెత్తబడి తోలు లేస్తుంది. తీశాక ఎర్రమచ్చ అరగంటకీ పోకపోతే బెల్ట్ చేసినాయన దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించండి. ఇంకోటి, బెల్ట్ మీద కడుపు నిండా సంగటి తింటే ఊపిరాడదు. కొంచెం కొంచెంగా పెట్టండి.

కర్నూలు ఫిజియో:
పై చెల్లెమ్మ చెప్పింది సరిగ్గా ఉంది. ఈ వయసు పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగి పిండిలో 350 దాకా ఉంటుంది కాబట్టి సంగటితో పాటు పాలు, పెరుగు, నువ్వుల ఉండ కూడా ఉండాలి. విటమిన్ డి డాక్టర్ రాసినంతే. 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి అని రాస్తే, తొందరగా తగ్గాలని రోజూ వేసే తల్లులను చూశాను. అది ప్రమాదం.

ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు వేరు, ఈ వంపు వేరు. అయినా నీళ్లు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాచితే ఫ్లోరైడ్ పోదు.

ప్రొద్దుటూరు అమ్మ:
అందరికీ థాంక్స్. అత్తకు చదివి వినిపించా, సగం ఒప్పుకుంది. స్కూల్లో బెల్ట్ బయటికి కనిపిస్తుందని పాప ఏడుస్తోంది, దానికేం చేశావమ్మా?

అనంతపురం డిగ్రీ పాప:
యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించండి, పైన చున్నీ ఉంటే ఎవరికీ తెలీదు. పెన్ను కింద పడితే నడుం వంగదు, మోకాళ్ల మీద కూర్చుని తీసుకోమనండి. దగ్గరి ఫ్రెండ్ ఒకరికి ముందే చెప్పమనండి, వెనక పట్టీ వదులైతే బిగించడానికి ఎవరో ఒకరు కావాలి.