అప్‌డేట్: డాన్స్ మిక్స్ సీడీలో బీట్ తెగడం ఆగింది

నేను మిమ్మల్ని ఇక్కడ అడిగింది ఇదీ: ఆపకుండా సాగే డాన్స్ మిక్స్ సీడీని ఎంపీత్రీలు చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తే ట్రాక్ మారినప్పుడల్లా బీట్ తెగుతోంది, విజయనగరంలో విన్నవాళ్లంతా ‘ఆల్బమే బాలేదు’ అంటున్నారు.

తప్పు ఆల్బమ్‌ది కాదండీ. ఎంపీత్రీ 1152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ముక్కలుగా, అంటే ఫ్రేములుగా తయారవుతుంది. సీడీ లెక్కన ఫ్రేముకి 26 మిల్లీసెకన్లు. ట్రాక్ చివరి ఫ్రేము నిండకపోతే మిగతాది నిశ్శబ్దమే. 128 బీపీఎంలో (నిమిషానికి 128 బీట్లు) బీట్‌కీ బీట్‌కీ మధ్య 469 మిల్లీసెకన్లే, ఆ కాస్తకే అడుగు తప్పుతుంది.

మీరన్నట్టు సీడీ మొత్తం ఒకే వేవ్ ఫైలుగా (కుదించని ఆడియోగా) కంప్యూటర్‌లోకి రిప్ చేసి, 320 కేబీపీఎస్ నాణ్యతలో ఒకే ఎంపీత్రీ చేస్తే సరిపోయింది. పాట దాటెయ్యడం కుదరదు, అంతే. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతిది మొదలుపెట్టడం) సలహా మాత్రం వద్దు: బీట్లు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం.

ఇప్పుడు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, రెండో సగం సాగదీశారని. అది మాత్రం నిజమే.