టెక్సాస్‌లో సెప్టెంబర్ 1, 2017 నుంచి పొడుగు కత్తులకు అనుమతి. మీరేమంటారు?

ఫ్రిస్కోబావ: అయిదున్నర అంగుళాలు దాటిన కత్తి, బాకు, ఖడ్గం ఇన్నాళ్ళూ వీధిలోకి తెస్తే నేరం. ఇక కాదు. తుపాకీని నడుముకి కనబడేలా కట్టుకు తిరిగే రాష్ట్రంలో కత్తికి జైలేమిటి?

ఆస్టిన్‌పిల్ల: మే 1న ఇక్కడ యూనివర్సిటీలో ఒకడు వేటకత్తితో విద్యార్థి ఒకణ్ణి చంపి ముగ్గుర్ని గాయపరిచాడు. నాలుగు నెలలకే ఇదా?

ఫ్రిస్కోబావ: అప్పుడు నిషేధం ఉందిగా, ఆపిందా? పైగా అది జరిగాకే ఆసుపత్రి, బార్, ప్రార్థనా స్థలం లాంటి చోట్ల కూడదని బిల్లులో చేర్చారు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకీ ఆంక్షలున్నాయి.

గోంగూర: గుడి కూడానా? కొత్త కారు పూజకి గుమ్మడికాయ కొట్టే కత్తి మా ఇంటి నుంచే తీసుకెళ్తాను. ఎనిమిదంగుళాలు.

ఫ్రిస్కోబావ: పార్కింగ్‌లో కొట్టుకోండి. చట్టం లెక్కలో ఆవరణ అంటే భవనం మాత్రమే.

గోంగూర: గుడి వంటగదిలో పులుసుకి తరగాలంటే?

పాతకాపు: కొబ్బరికాయ కొట్టండి, కత్తితో పనిలేదు.

ఆస్టిన్‌పిల్ల: మనిషి పోయాడంటే గుమ్మడికాయలేంటండీ!

ఫ్రిస్కోబావ: నా బాధ వినండి. రెండేళ్ళ క్రితం చెరువు దగ్గర చేపలు పట్టి వస్తుంటే, నా చేపల కత్తి చూసి పోలీసు నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. పిల్లలు కారులోంచి చూస్తూనే ఉన్నారు.

పాతకాపు: వేటకీ చేపలకీ పాత చట్టంలోనే మినహాయింపు ఉంది కదా?

ఫ్రిస్కోబావ: ఉంది! చెప్పాను కూడా. వింటేగా.

ఆస్టిన్‌పిల్ల: నేననేదీ అదే. హక్కు అప్పుడూ ఉంది, మిమ్మల్ని చూసిన కళ్ళకి అది కనబడలేదు. కొత్త చట్టం వస్తే ఆ కళ్ళు మారతాయా?

ఫ్రిస్కోబావ: అయితే జీవితాంతం తలొంచుకు బతకాలా? నేను ఈ దేశ పౌరుణ్ణి. మీ పిరికితనం నాకు నేర్పకండి.

ఆస్టిన్‌పిల్ల: మీరు పౌరులు. మా తమ్ముడు ఎఫ్1 చదువు వీసా మీదున్నాడు. కేసు కొట్టేసినా వీసా ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతారు. మీకది పౌరుషం, మాకది తిరుగు టికెట్.

ఫ్రిస్కోబావ: తమ్ముడికి వద్దనండి, అది వేరే సంగతి. ‘పిరికితనం’ అన్నమాట తీసేసుకుంటున్నా. చట్టం మాత్రం మంచిదే.

గోంగూర: ఇంతకీ గుడి వంటగది మాటేమిటి? ఆదివారం మా వంతు.