రిడ్జ్‌వే మీద గ్రావెల్ రైడ్: స్విండన్ నుంచి గోరింగ్ దాకా ఒక్క రోజులో అవుతుందా?

రెండుచక్రాలు_రెడింగ్

రెడింగ్‌లో ఉండే ముగ్గురం జూన్‌లో ఒక శనివారం గ్రావెల్ రైడ్ అనుకుంటున్నాం. తారురోడ్డు మీద 80 కి.మీ. అలవాటే, మట్టిదారి మాత్రం కొత్త. 40 మి.మీ. టైర్లు, లోపల ట్యూబులే ఉన్నాయి. పాత ఊళ్లు, అఫింగ్టన్ తెల్లగుర్రం (కొండవాలు మీద సుద్దతో గీసిన పెద్ద గుర్రం బొమ్మ) చూసుకుని రాత్రికి ఇల్లు చేరాలి. కొమూట్ అనే రూటు యాప్‌లో గీసిన రూటు కొన్నిచోట్ల పొలాలకు అడ్డంపడి పోతోంది. అక్కడ సైకిల్ వెళ్లనిస్తారా? కాట్స్‌వోల్డ్ వే అనే దూరపు నడకదారి ఎంచుకోవాలా, కొండగట్టు మీది పాత దారి రిడ్జ్‌వేనా? టైర్లలో గాలి, తిండి, రైలు సంగతులు కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

సుద్దదారి

ముందు అనుమతి సంగతి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడుతుంది. ఇంగ్లండ్‌లో పొలాల గుండా వెళ్లే ప్రతి దారిలోనూ సైకిల్‌కు హక్కు ఉండదు. గుంజ మీది బాణం రంగు చూడండి. పసుపు అయితే ఫుట్‌పాత్, నడిచేవాళ్లకే. నీలం అయితే బ్రైడిల్‌వే, అంటే గుర్రాలు కూడా వెళ్లే దారి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం దాని మీద సైకిల్‌కు హక్కు ఇచ్చింది, కాకపోతే నడిచేవాళ్లకు, గుర్రాలకు దారి వదలాలి. ఊదా రంగు రిస్ట్రిక్టెడ్ బైవే (మోటారు బళ్లు రానిది), ఎరుపు బైవే. ఈ రెండింట్లోనూ వెళ్లొచ్చు. ఎరుపు దారిలో జీపులు, మోటార్‌సైకిళ్లు కూడా రావచ్చు, మలుపుల్లో జాగ్రత్త.

యాప్‌లు ఫుట్‌పాత్‌ను కూడా రూటులో కలిపేస్తుంటాయి. అందుకే గీసిన రూటును ఓఎస్ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు (ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల వివరమైన పటం) మీద మొత్తం ఒకసారి సరిచూడాలి. అందులో ఆకుపచ్చ పొట్టి గీతలు ఫుట్‌పాత్, పొడుగు గీతలు బ్రైడిల్‌వే. మీ ప్రాంతంలో ఎక్కువ భాగం 170వ నంబరు షీటులో దొరుకుతుంది.

కాట్స్‌వోల్డ్ వే ఆలోచన మానేయండి. అది చాలావరకు ఫుట్‌పాతే. రిడ్జ్‌వే మొత్తం 139 కి.మీ. ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్ నుంచి థేమ్స్ ఒడ్డున స్ట్రీట్లీ దాకా, అంటే సుమారు 69 కి.మీ., సైకిల్‌కు దారి ఉంది. నది దాటి తూర్పుకు వెళ్తే చాలాచోట్ల ఫుట్‌పాత్ అయిపోతుంది. స్ట్రీట్లీకి ఎదురుగా నది అవతల ఉన్న గోరింగ్ నుంచి, నది వెంబడి పోయే థేమ్స్ పాత్ పట్టుకుని రెడింగ్ వెళ్దామనిపిస్తుంది, అదీ చాలావరకు నడకదారే.

మీకు సరిపోయేది ఇది: రైల్లో స్విండన్, అక్కడి నుంచి వాన్‌బరో మీదుగా ఫాక్స్‌హిల్. అది పది పన్నెండు కి.మీ. తారురోడ్డు. ఫాక్స్‌హిల్‌లో రిడ్జ్‌వే ఎక్కితే స్ట్రీట్లీకి ఇంకో 42 కి.మీ. దాకా ఉంటుంది. పడమర నుంచి తూర్పుకే రండి. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, గట్టు మీద చెట్టు చాటు తక్కువ. ఎదురుగాలిలో ఇదే దారి ఒళ్లు హూనం చేస్తుంది.

మట్టిదారిలో సగటు వేగం గంటకు 12 నుంచి 14 కి.మీ. అనుకోండి. రోడ్డు లెక్క ఇక్కడ పనికిరాదు. ఆగడాలన్నీ కలిపి ఏడెనిమిది గంటలు పడుతుంది.

చెకుముకి

దారి గురించి సుద్దదారి గారు చెప్పారు కాబట్టి నేను టైర్ల దగ్గరికి వస్తాను. ఆ కొండలన్నీ సుద్దరాయి, దాని మధ్య చెకుముకి ముక్కలు. చెకుముకి విరిగితే అంచు గాజులా పదునుగా ఉంటుంది. నేలకు ఆనే భాగం కంటే టైరు పక్క గోడనే ఎక్కువగా కోస్తుంది. అందుకని పక్కగోడ పలచగా ఉన్న రేసు టైరు వద్దు, పక్కన రక్షణ పొర ఉన్నదే ఎంచుకోండి.

మనిషి 75 కిలోలు ఉంటే, ట్యూబులతో 40 మి.మీ. టైరుకు వెనక 40, ముందు 36 పీఎస్ఐ. అంతకు తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని టైరు) అయితే వెనక 32, ముందు 28 చాలు, టైరుకు 60 నుంచి 80 మి.లీ. సీలెంట్, అంటే చిల్లులు మూసే ద్రవం. గాట్లు ఐదారు మి.మీ. దాటితే సీలెంట్ మూయలేదు, ప్లగ్ (చిల్లులో దూర్చే రబ్బరు పట్టీ) గుచ్చాలి. పక్కగోడ బాగా చీలితే లోపల టైర్ బూట్ (చీలికకు వేసే గట్టి అతుకు) అంటించి, ట్యూబు వేసి, తక్కువ గాలితో నెమ్మదిగా దిగిపోవాలి. బూట్ లేకపోతే పాత టైరు నుంచి మూడు అంగుళాల ముక్క కత్తిరించి ముందే సంచిలో పెట్టుకోండి, అదే పని చేస్తుంది.

పంక్చరయ్యాక కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి. ముక్క ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. వేలితో వెతికితే తెగుతుంది. ఆ ముక్క తీయకుండా ట్యూబు వేస్తే రెండోదీ పోతుంది.

తడి సుద్ద మీద టైరు, పాకుడు పట్టిన కోనేటి మెట్ల మీద కాలులాగా జారుతుంది. వేగం దిగుడుకు ముందే తగ్గించుకోండి, జారేచోట బ్రేకు గట్టిగా నొక్కొద్దు. తెల్లగా నున్నగా మెరిసేచోట కాకుండా పక్కన గడ్డి అంచున వెళ్లండి. ట్రాక్టర్లు చేసిన లోతు గాడిలో దిగితే మధ్యలో బయటికి రావాలని చూడొద్దు, ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. గాడి తేలేదాకా నేరుగా పోవాలి. నీటిగుంట కింద ఎంత లోతుందో పైకి తెలియదు, పక్కకు తప్పుకోండి. పెద్ద వాన పడితే మూడు నాలుగు రోజులు ఆగి వెళ్లడం మంచిది. బంక మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య నిండితే చక్రమే తిరగదు.

సుద్దనీళ్లు బ్రేక్ ప్యాడ్లను తొందరగా అరగదీస్తాయి. ప్యాడ్ల మందం ముందురోజే చూసుకోండి. ఇంటికి రాగానే చైను కడగాలి, ఎండితే గట్టిపడి పోతుంది. మీ ఫ్రేముకు సరిపోయే డెరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) ఒకటి, చైన్ క్విక్‌లింక్ (తెగిన చైను కలిపే లంకె) ఒకటి, మనిషికి రెండు ట్యూబులు. ఇవి లేకుండా గట్టు ఎక్కొద్దు.

రెండుచక్రాలు_రెడింగ్

ఇద్దరికీ ధన్యవాదాలు. వారం రోజుల్లో ట్యూబ్‌లెస్‌కు మారితే మేలా? ఊళ్లన్నీ గట్టు కిందే కనిపిస్తున్నాయి మ్యాపులో, ప్రతి ఊరికీ దిగి ఎక్కాలా? నీళ్లు ఎక్కడ?

చెకుముకి

వారంలో మారొద్దు. కొత్త టైరు, కొత్త సీలెంట్, అలవాటు లేని ప్లగ్ మూడూ ఒకేసారి కొండ మీద పరీక్షించడం వద్దు. ట్యూబులతోనే రండి, గాలి సరిగ్గా పెట్టుకోండి.

లెట్‌కమ్_లేన్

ఊళ్లు కింద ఉండటానికి కారణం నీళ్లు. సుద్ద కొండలో ఇంకిన వాన, వాలు అడుగున ఊటలుగా బయటికి వస్తుంది. బిషప్‌స్టోన్, ఆష్‌బరీ, కింగ్‌స్టన్ లైల్, లెట్‌కమ్ రీజిస్ అన్నీ ఆ ఊటల వరస మీద పుట్టినవే. గట్టు మీద కుళాయిలు చాలా తక్కువ. స్పార్‌షోల్ట్ ఫర్స్ దగ్గర హిల్ బార్న్‌లో ఒకటి ఉంది కానీ దాన్నే నమ్ముకోకుండా మనిషికి రెండు లీటర్లతో బయల్దేరండి.

ఊరికి దిగిన ప్రతిసారీ వంద మీటర్ల దాకా తిరిగి ఎక్కాలి. అందుకని ఒక్కసారే దిగండి. ఫాక్స్‌హిల్ నుంచి గట్టు మీదే వేలండ్స్ స్మిదీ దాకా రండి. చెట్ల మధ్య, దారికి కొద్ది దూరంలో, దాదాపు 5500 ఏళ్ల నాటి సమాధి. ముందు నిలబెట్టిన పెద్ద రాళ్లు, వెనక పొడుగాటి మట్టిదిబ్బ. అక్కడికి దగ్గర్లోనే కొండ మీద మట్టికట్టల పాత కోట, అఫింగ్టన్ కోట. ఆ కొండ ఎత్తు 261 మీటర్లు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. తెల్లగుర్రం పొడవు సుమారు 110 మీటర్లు, వయసు మూడు వేల ఏళ్ల దాకా. గుర్రం పైన నిలబడితే మొత్తం ఆకారం కనిపించదు, వంపు గీతలే కనిపిస్తాయి. మొత్తం చూడాలంటే ఉత్తరాన కింది ఊళ్ల వైపు నుంచే. సైకిళ్లు దూరంగా పెట్టి నడిచి వెళ్లండి, సుద్ద మీద కాలు పెట్టొద్దు.

తర్వాత బ్లోయింగ్‌స్టోన్ హిల్ దగ్గర ఎడమకు దిగండి. బాగా నిటారు, రెండు బ్రేకులూ పట్టాలి. అడుగున చిల్లులున్న రాయి ఒకటి ఉంటుంది. ఆల్ఫ్రెడ్ రాజు దాన్ని ఊది సైన్యాన్ని పిలిచాడని స్థానికుల కథ. అక్కడి నుంచి కొండ అడుగున రోడ్డు పట్టుకుని వాంటేజ్ చేరండి. ఆల్ఫ్రెడ్ 849లో పుట్టింది ఇక్కడేనంటారు, సంత చౌకులో ఆయన విగ్రహం ఉంది. దుకాణాలున్నాయి, నీళ్లు ఇక్కడే నింపుకోండి. లెట్‌కమ్ రీజిస్ మీదుగా సెగ్స్‌బరీ కోట వైపు ఎక్కితే మళ్లీ రిడ్జ్‌వే. మొత్తం ఏడెనిమిది కి.మీ. పెరగొచ్చు. పల్లెటూరి పబ్బుల్లో మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు. శాకాహారులైతే పులిహోర డబ్బా తెచ్చుకోవడమే నయం.

సుద్దదారి

ఒక్కటి కలుపుతాను. లాంబోర్న్ చుట్టుపక్కల పందెపు గుర్రాల శిక్షణ జరుగుతుంది. నున్నగా కత్తిరించిన గడ్డి గ్యాలప్‌ల మీదికి సైకిల్ ఎక్కించొద్దు, అవి ప్రైవేటువి. గుర్రం కనిపిస్తే దూరం నుంచే పలకరించండి, వెనక నుంచి చప్పుడు లేకుండా రావడమే ప్రమాదం. గేట్లు ఎలా ఉంటే అలాగే వదలండి.

రైలు: రెడింగ్ నుంచి స్విండన్ వెళ్లే ఇంటర్‌సిటీలో సైకిల్‌కు ముందే రిజర్వేషన్ చేయాలి, డబ్బు కట్టక్కర్లేదు. లోపల ముందు చక్రం పైకి తగిలించి నిలువుగా వేలాడదీయాలి, సంచులు ముందే విప్పండి. ముగ్గురికీ ఒకే రైల్లో చోటు దొరకాలంటే ఆలస్యం చేయొద్దు. తిరుగు ప్రయాణానికి స్ట్రీట్లీ వంతెన దాటితే గోరింగ్ స్టేషన్. అక్కడ ఆగే లోకల్ రైళ్లకు శనివారం రిజర్వేషన్ అక్కర్లేదు, పావుగంటలో రెడింగ్.