ఎమి తిని సెపితివి: పుచ్చకాయా, పుచకాయా?

సీతమ్మధార: ఈ కంద పద్యం నిన్నటి నుంచీ నోట్లో నానుతోంది. రెండో పాదం దగ్గర నాలుక తడబడుతోంది.

ఎమి తిని సెపితివి కపితము
బ్రమపడి వెరి పుచ్చకాయ వడి తిని సెపితో
ఉమెతక్కయ తిని సెపితో
యమవస నిసి యన్న మాట యలసని పెదనా

అమావాస్య రాత్రిని ‘అమవస నిసి’ అన్నందుకు అల్లసాని పెద్దన మీద తెనాలి రామకృష్ణుడు విసిరాడని చెప్పుకునే చాటువే, అంటే నోటి మీద తిరిగే విడి పద్యమే. ఒత్తులన్నీ పీకేసినవాడు ‘పుచ్చ’లో ఎందుకు ఉంచాడు? మా నాన్నగారు ‘పుచకాయ’ అనే చదివేవారు.

మద్దిలపాలెం: గణం చెడుతుందండీ. కందంలో గణానికి నాలుగు మాత్రలు: లఘువుకి (పొట్టి అక్షరం) ఒకటి, గురువుకి (బరువైన అక్షరం) రెండు. మొదటి రెండు పాదాలూ కలిపి లెక్కిస్తే ఆరో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. ‘చ్చకాయ’ చక్కటి జగణం. ‘పుచ’ అన్నారా, అక్కడ ‘కాయవ’ అని భగణం (గురువు, రెండు లఘువులు) పడుతుంది, పాదం చివర ఒక మాత్ర తగ్గుతుంది.

గాజువాక: నోటి మీద బతికిన పద్యానికి ఇంత లెక్కలెందుకు? మా ఇంట్లో ‘ఏమి తిని’ అనేవారు.

మద్దిలపాలెం: ‘ఏమి’ అయితే ప్రాసే పోయింది. పాదాలన్నిట్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడమే కాదు, దాని ముందు అక్షరం బరువూ ఒకటే కావాలి. బ్ర, ఉ, య మూడూ లఘువులు, మొదటి పాదంలో గురువు ఎలా కుదురుతుంది?

భీమిలి: అసలు ఒత్తులు పీకడమే ఇందులో చమత్కారం అంటే నేనొప్పుకోను. ఉమ్మెత్తకాయని చూడండి. మ్మ పోయింది, త్త పోయింది, ‘కా’ పొట్టిదైంది, లేని ‘క్క’ వచ్చి కూచుంది! బరువు ఉండాల్సిన చోట తీసి, అక్కర్లేని చోట పెట్టాడు. చెడ్డ పద్యం చేసే పని అదే కదా.

మద్దిలపాలెం: బావుంది మాస్టారూ. మరి పుచ్చకాయ చెక్కు చెదరలేదే? మారింది పక్కనున్న ‘వెర్రి’ ఒక్కటే.

సీతమ్మధార: నా ప్రశ్నా అదే.

అక్కయ్యపాలెం: పెద్దన తరఫున ఒక మాట. నిశకి నిసి వికృతి. అందులో వెక్కిరించడానికి ఏముంది? తెనాలివాడికి తిట్టాలని ఉంది, తిట్టాడు.

గాజువాక: కందం అన్నారు కాబట్టి, మన విశాఖవాడు శ్రీశ్రీని తలచుకోకపోతే ఎలా? ఛందస్సుని తెంచేశాడని అందరూ చెప్పే మనిషి సిరిసిరిమువ్వ శతకం అంతా కందాల్లో నడిపాడు. ప్రతి పద్యం చివరా వచ్చే ఆ మకుటం చూడండి, ‘సిరిసిరి’ నలం, ‘మువ్వా’ గగం (రెండు గురువులు). పాదం చివర ఎంత ఒద్దికగా దిగుతుందో!

భీమిలి: దిగుతుంది. కానీ హాస్యకందంలో తెనాలివాడి తర్వాతే ఎవరైనా.

గాజువాక: ఇది మాత్రం ఒప్పుకోను.

సీతమ్మధార: శ్రీశ్రీ కోసం వేరే చర్చ పెట్టుకుందామండీ. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి చాటుపద్య మణిమంజరి పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే, ఈ పద్యం ఉందేమో చూసి ఆ పేజీ ఫొటో పెట్టండి.