ఎకరం అమ్మి సీఎస్‌ఈనా, ర్యాంకుకి వచ్చే ఈసీఈనా, లేక బీసీఏనా?

హొరమావు అమ్మ:

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. బెంగళూరు వచ్చి 16 ఏళ్ళయింది. మా వాడు ఈ ఏడు సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) పాసయ్యాడు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, కంప్యూటర్ సైన్స్ (పీసీఎంసీ) తీసుకున్నాడు. ఇంజినీరింగ్ సీట్లకి కర్ణాటక పెట్టే పరీక్ష సీఈటీలో ర్యాంకు 22 వేల చిల్లర. కాలేజీలు, బ్రాంచిలు వరసగా ఎంచుకునే ఆప్షన్ ఎంట్రీ మొదలవుతోంది, ఇంట్లో రోజూ గొడవే.

వాడికి కంప్యూటరంటే ప్రాణం. ఉగాదికి వచ్చిన డబ్బులు, తాత ఇచ్చినవి కూడబెట్టుకుని ఎస్పీ రోడ్డుకి పోయి పాత మదర్‌బోర్డు, ర్యామ్ కొనుక్కొచ్చి తనే బిగించుకున్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో 24 ఇళ్ళు. వేసవిలో రోజుకి రెండు మూడు నీళ్ళ ట్యాంకర్లు దిగుతాయి. లెక్క తేలడం లేదని సెక్రెటరీ గారు అంటుంటే వీడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు. టేపు పట్టుకుని సంపులోకి (నేలకింద నీళ్ళ తొట్టిలోకి) దిగి కొలిచాడు. మూడు మీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు. ట్యాంకరు ఖాళీ అయ్యాక నీళ్ళు 68 సెంటీమీటర్లు పెరిగాయి. అంటే 5,100 లీటర్లు. బిల్లులో 6,000 అని ఉంది. ఇప్పుడు ప్రతి ట్యాంకరుకీ కొలిచాకే డబ్బులిస్తున్నారు.

ఇక అసలు సంగతి. వాడి ర్యాంకుకి పేరున్న పాత కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రావచ్చు. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలంటే ఊరి చివర కొత్త కాలేజీలో చేరాలి, లేదంటే మంచి కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనాలి. మా మామగారు "మనవడికంటే పొలం ఎక్కువా, ఎకరం అమ్మేద్దాం" అంటున్నారు. మా ఆయనా అటే మొగ్గుతున్నారు. వాడేమో ఇంజినీరింగే వద్దు, మూడేళ్ళ కంప్యూటర్ డిగ్రీ బీసీఏలో చేరి మిగతాది నేనే నేర్చుకుంటానంటాడు. నాకు భూమి అమ్మడం ఇష్టం లేదు. వాడి చదువు పాడవడం అంతకంటే ఇష్టం లేదు. ఈ దారుల్లో నడిచినవాళ్ళు చెప్పండి.

వైట్‌ఫీల్డ్ తండ్రి:

అమ్మా, చేదుగా ఉన్నా చెబుతాను. అమ్మండి, సీఎస్‌ఈలోనే చేర్చండి. నేను బీఎస్సీ చదివి 2009లో ఈ ఊరొచ్చాను. పని వచ్చు, చేయగలను. కానీ ఎక్కడికి పోయినా "బీఈ, బీటెక్ మాత్రమే" అని మొదటి గడపలోనే ఆపేవాళ్ళు. నాలుగేళ్ళు రాత్రి షిఫ్టుల్లో సపోర్టు పని చేశాక గానీ ప్రోగ్రామింగ్ టీమ్‌లోకి రానివ్వలేదు. నాతోపాటు చేరిన బీటెక్ కుర్రాడు అప్పటికి నాకు లీడ్ అయ్యాడు.

ఇంకోటి. రేపు అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేస్తానంటే అక్కడి చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ళ చదువు అడుగుతాయి. 12 ప్లస్ మూడేళ్ళ బీసీఏ అంటే 15. కర్ణాటకలో నాలుగేళ్ళ ఆనర్స్ పెట్టారు గానీ, 2024-25 నుంచి మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకే వచ్చేశారు. 17 ఏళ్ళ పిల్లాడికి ఇవన్నీ తెలియవు. తల్లిదండ్రులే చూడాలి.

బెళ్ళందూరు ఇంజినీర్:

పైన అన్నయ్య చెప్పిన గడప నిజం. నేను ఆ గడప లోపలి వైపు కూర్చుంటాను కాబట్టి ఇక్కడ జరిగేది చెబుతాను. మా టీమ్‌కి కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలు చేసేది నేనే.

ఈమధ్య ఒకేరోజు ఇద్దరొచ్చారు. ఒకబ్బాయి బీఈ, బ్రాంచి పేరులోనే ఏఐ, ఎంఎల్ ఉన్నాయి. బయోడేటాలో సర్టిఫికెట్లు బోలెడు. రెండో ఆమెది కోలారు, బీసీఏ తర్వాత ఎంసీఏ. ఇద్దరికీ ఒకటే ప్రశ్న వేశాను. పది లక్షల ఫోన్ నంబర్లున్నాయి, నేనిచ్చిన నంబరు అందులో ఉందో లేదో వెంటనే చెప్పాలి, ఎలా? అబ్బాయి "డిక్షనరీలో పెడతాను సార్" అన్నాడు. పైథాన్‌లో ఉండే ఆ పట్టికతో వెంటనే వెతకొచ్చు, సరైన జవాబే. అది అంత వేగంగా ఎలా వెతుకుతుంది అంటే మాట రాలేదు. ఆ అమ్మాయి తెల్లకాగితం తీసుకుని పది గళ్ళు గీసింది. చివరి అంకె 7 ఉన్న నంబరు ఏడో గడిలోకి, 3 ఉన్నది మూడో గడిలోకి. ఒకే గడిలో రెండు పడితే అన్నాను. దాని పక్కనే ఇంకోటి రాసి గీతతో కలిపి, "గొలుసు కడతాను. గొలుసు పొడుగైతే గళ్ళు పెంచుతాను" అంది. హ్యాష్ టేబుల్ అన్న పేరు చివర్లో చెప్పింది. ఆమెనే తీసుకున్నాం.

అయితే సగం చెప్పి ఊరుకుంటే తప్పవుతుంది. ఆ అమ్మాయి మా దగ్గరికి క్యాంపస్ ద్వారా రాలేదు. తెలిసినవాళ్ళు రెఫర్ చేస్తే వచ్చింది. అంతకుముందు రెండేళ్ళు చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేసింది. కాబట్టి నా మాట ఇది: బ్రాంచి పేరు గడప దాకా తీసుకొస్తుంది, లోపల కూర్చోబెట్టేది డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్, వీటికింద గణితం. గడప కోసం ఎకరం పొలం అమ్మడం చాలా ఎక్కువ ధర. ఏదో ఒక బీఈ ఉంటే ఆ గడప దాటొచ్చు. పెద్ద సర్వీసు కంపెనీలు చాలావరకు బ్రాంచి చూడవు.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఐఎస్‌ఈ (ఇన్ఫర్మేషన్ సైన్స్) మరిచిపోకండి. బయటి ఊళ్ళవాళ్ళకి ఆ పేరు కొత్త. మన వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కాలేజీల్లో సీఎస్‌ఈకీ దానికీ సబ్జెక్టులు చాలావరకు ఒకటే. కొత్త పేర్ల బ్రాంచిలకి మాత్రం సిలబస్ కాగితం తెప్పించి, పైన చెప్పిన నాలుగు సబ్జెక్టులు పూర్తిగా ఉన్నాయో లేదో చూడండి. పేరు చూసి చేరకండి.

జయనగర్ ఈసీఈ:

ఈసీఈని అందరూ సీఎస్‌ఈ దొరక్క తీసుకునేది అన్నట్టు మాట్లాడుతుంటే బాధగా ఉంటుంది. అందులోనూ ఈ ఊళ్ళో! టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరులో అడుగుపెట్టింది. అప్పటినుంచి చిప్ డిజైన్ ఇక్కడ ఒక పెద్ద పరిశ్రమ. ఫోన్‌లో, కారులో, రూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్ రాసేది మాలాంటివాళ్ళమే. సీ భాష, మైక్రోకంట్రోలర్లు, డిజిటల్ సర్క్యూట్లు, ఇవన్నీ కంప్యూటరే కదా, ఇంకా లోతుగా. మదర్‌బోర్డు కొనుక్కొచ్చి బిగించుకున్న పిల్లాడికి ఇది నచ్చదని ఎలా అనుకుంటున్నారు? అడిగారా?

కష్టం కూడా చెబుతా. సిగ్నల్స్, విద్యుదయస్కాంత క్షేత్రాలు లాంటి సబ్జెక్టులు నిజంగా చదవాలి. ప్రోగ్రామింగ్ ఒక్కటే ఇష్టమైతే రెండో ఏడు నరకంలా ఉంటుంది. నా క్లాసులో అలా నలిగిపోయినవాళ్ళను చూశాను.

రాజాజీనగర్ మాస్టారు:

31 ఏళ్ళు పీయూసీ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆ సంపు సంగతి రెండుసార్లు చదివాను తల్లీ. అబ్బాయి రాసిన ప్రోగ్రామ్ కంటే నాకు ఆ టేపే ముద్దొచ్చింది. కంప్యూటర్‌లోకి ఎక్కించే అంకె నిజమో కాదో చూడాలన్న బుద్ధి పుట్టింది చూడండి, అది కోచింగ్‌లో దొరకదు. వాడికి లెక్కలు వదలనివ్వకండి. బీసీఏ వద్దనడానికి నా కారణం ఒక్కటే. చాలా బీసీఏ కాలేజీల్లో గణితం పైపైన చెప్పి వదిలేస్తారు.

బ్రాంచి గురించి అంత భయం అక్కర్లేదు. రాజ్ రెడ్డి గారిది మీ చిత్తూరు వైపు కాటూరే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఆయన పూర్తిచేసింది సివిల్ ఇంజినీరింగ్. 1966లో స్టాన్‌ఫోర్డ్‌లో కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్. యంత్రానికి మాట వినడం నేర్పే పనిలో ఉండి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. సత్య నాదెళ్ళ మణిపాల్‌లో చదివిందీ ఎలక్ట్రికలే.

ఇది చదువుతున్న చిన్న క్లాసుల పిల్లలు ఎవరైనా ఉంటే ఒక మాట. లెక్కలు, కంప్యూటర్ రెండూ ఇష్టమైతే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రెండూ కలిపిన బీఎస్సీ ఉంది, దాని ప్రవేశ పరీక్ష వేరు. మన ఐఐఎస్సీలో 2022 నుంచి మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఆలస్యంగా తెలిసి చేతులు నలుపుకునే పిల్లల్ని ఏటా చూశాను.

వైట్‌ఫీల్డ్ తండ్రి:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా. 1958లో మన దేశంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీయే లేదు. వాళ్ళు వేరే బ్రాంచి చదవక ఏం చేస్తారు? నాదెళ్ళ గారు కూడా తర్వాత విస్కాన్సిన్ వెళ్ళి కంప్యూటర్ సైన్స్‌లోనే మాస్టర్స్ చేశారు. మహానుభావుల్ని చూపించి మామూలు పిల్లలకి దారి చెప్పకూడదు. మామూలు పిల్లాడికి గడప దాటించే డిగ్రీ చీటీ కావాలి.

రాజాజీనగర్ మాస్టారు:

ఒప్పుకుంటున్నాను నాయనా, వాళ్ళిద్దరూ తర్వాత కంప్యూటర్ సైన్స్ చదివారు. నేననేదీ అదే. తర్వాత చదవొచ్చు. ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఎంటెక్‌లో సీఎస్‌కి మారే ఈసీఈ పిల్లలు ఎంతమంది లేరు? పొలం మాత్రం ఒకసారి పోతే తర్వాత కొనలేరు.

బీటీఎం బీసీఏ:

అక్కా, నేను కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ బీసీఏ రెండో ఏడు చదువుతున్నాను. మీ అబ్బాయి అడిగే దారిలోనే ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతా. మా కాలేజీలో ల్యాబ్ రికార్డు రాయడానికే టైమంతా పోతుంది. పాత ప్రోగ్రాముల్ని చూసి ఎక్కించుకోవడమే. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి ఏడుపొచ్చింది. మా నాన్నకి చెప్పుకోలేను, ఇంజినీరింగ్ వద్దన్నది నేనే.

అప్పుడు ఐఐటీ మద్రాస్ వాళ్ళ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ, డేటా సైన్స్‌ది, అందులో చేరాను. 2020లో పెట్టారు. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేసుకోనిస్తోంది. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాలు పాఠాలు చెప్పి క్వాలిఫయర్ పెడతారు. లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు. ఆన్‌లైనే కదా అనుకోకండి, పరీక్షలు సెంటర్‌కి వెళ్ళి రాయాల్సిందే, ప్రతి వారం అసైన్‌మెంట్‌కి గడువు ఉంటుంది. నాతో మొదలుపెట్టిన స్నేహితురాళ్ళు ఇద్దరు మొదటి స్థాయి ఫౌండేషన్‌లోనే ఆపేశారు. మూడేళ్ళ స్థాయి దగ్గర బీఎస్సీతో బయటికి రావచ్చు, నాలుగో స్థాయి కూడా చేస్తే బీఎస్. పైన అన్న చెప్పిన 16 ఏళ్ళ లెక్క కూడా దాంతో సరిపోతుందనే నా ఆశ.

"నేనే నేర్చుకుంటా" అనడం తేలికక్కా. ఆదివారం రాత్రి పదకొండింటికి, హాస్టల్లో అందరూ పడుకున్నాక, ఎవరూ అడగకపోయినా కూర్చోవాలి. మీ వాడు అలా కూర్చుంటాడా? ట్యాంకర్ లెక్కని బట్టి చూస్తే కూర్చుంటాడనే అనిపిస్తోంది. కానీ ఈసీఈలో ఉండి కూడా ఇది చేయొచ్చు కదా.

హొరమావు అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

బెళ్ళందూరు అన్న చెప్పినట్టు వీటీయూ సిలబస్ ప్రింటు తీసి వాడి ముందు పెట్టాను. సీఎస్‌ఈ, ఐఎస్‌ఈ, ఈసీఈ మూడూ. పెన్సిల్‌తో టిక్కులు పెట్టమన్నాను. సీఎస్‌ఈలో అన్నీ పెడతాడనుకున్నా. డిజిటల్ సర్క్యూట్లు, మైక్రోకంట్రోలర్ల దగ్గర రెండేసి టిక్కులు పెట్టాడు. జయనగర్ తమ్ముడు "అడిగారా" అన్నాడే, నిజంగానే మేమెవరం అడగలేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో సిగ్నల్స్ పాఠం ఒకటి పెట్టి చూడమన్నాను. మొహం చిట్లించాడు గానీ చివరిదాకా చూశాడు.

ఆప్షన్లలో ముందు మంచి కాలేజీల ఐఎస్‌ఈ, సీఎస్‌ఈ, వాటి కింద ఈసీఈ పెట్టాం. మొదటి రౌండ్‌లో పాత కాలేజీలో ఈసీఈ వచ్చింది. చాయిస్ 2 పెట్టాం. ఈ సీటు చేతిలో ఉంచుకుని పైవాటికి ఇంకో రౌండ్ చూస్తారు. రాకపోతే ఇదే. బీఎస్ క్వాలిఫయర్‌కి కూడా కడతానన్నాడు, మొదటి సెమిస్టర్ ఎలా ఉంటుందో చూశాక కట్టమన్నాను.

మా ఆయన ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. వైట్‌ఫీల్డ్ అన్నయ్య రాసింది నాకు చదివి వినిపించి, "చూడు, ఈయన ఎంత పడ్డాడో" అన్నారు. ఆ బాధ నాకూ తెలుస్తోంది అన్నయ్యా, మీ మాట వల్లే బీసీఏ పక్కన పెట్టాం. కానీ సీటు కొనడం మానుకున్నాం. నిన్న మామగారికి ఫోన్ చేసి చెప్పాను, బేరం ఆపేయమని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అయితే ఈ వానలకి ఆ ఎకరంలో కూడా వేరుశనగ వేస్తానన్నారు.