స్పినెట్‌కి వల్లోటి శ్రుతి: చివరి పంచమం కలవడం లేదు

స్పినెట్_కొత్త
నమస్కారమండీ. నేను ఉండేది జర్మనీలో. మా సంగీత బృందం స్పినెట్ (తీగలు మీటి పలికించే పాతకాలపు చిన్న కీబోర్డు వాద్యం) ఈ చలికాలమంతా మా ఇంట్లోనే ఉంటుంది. యాప్ పెట్టకుండా చెవితోనే వల్లోటి (కొన్ని పంచమాలు శుద్ధంగా, కొన్ని కురచగా ఉంచే పద్ధతి) శ్రుతి చేద్దామని కూర్చున్నాను. ఫోర్కుతో ఏ (A) మెట్టును 415 హెర్ట్జ్‌కి పెట్టి, దాన్నుంచి ఎఫ్ తీసుకున్నాను. ఎఫ్ నుంచి నల్ల మెట్ల మీదుగా బి దాకా ఆరు పంచమాలూ శుద్ధంగా కలిశాయి. ఎఫ్ నుంచి సి, జి, డి, అలాగే ఏ నుంచి ఇ, ఇవి కొంచెం కురచ చేశాను. తీరా ఇ–బి వాయిస్తే గడగడా వణుకుతోంది. మూడుసార్లు చేసినా అంతే. ఆదివారం రిహార్సల్, టెన్షన్‌గా ఉంది.

తంబుర_తీగ
పన్నెండు శుద్ధ పంచమాలు పేర్చుకుంటూ పోతే ఏడు ఆక్టేవులను దాటి 23.5 సెంట్లు (ఆక్టేవులో 1200వ వంతు ఒక సెంటు) మిగిలిపోతుంది. ఆ మిగులు ఎక్కడో ఒకచోట సర్దాలి. వల్లోటిలో ఎఫ్ నుంచి బి దాకా తెల్ల మెట్ల మీది ఆరు పంచమాలు తలా 3.9 సెంట్లు తగ్గుతాయి. వాటిలో ఒకటి తగ్గాల్సింది పోయి అంతే సాగితే, ఆ భారమంతా చివరిదాని మీద పడి అది దాదాపు 12 సెంట్లు కురచవుతుంది. మీ వణుకు అదేనని నా అనుమానం.

మధ్య సికి కింద ఉన్న ఏ, పైన ఉన్న ఇ కలిపి వాయిస్తే రెండు సెకన్లలో దాదాపు మూడు అలలు (శబ్దం పెరిగి తగ్గే ఊపులు) వినపడాలి. చిక్కల్లా ఇక్కడే: సాగినా కురచైనా అలల లెక్క ఒకటే! ఎఫ్–ఏ, సి–ఇ గాంధారాలు విడివిడిగా వాయించి ఎలా ఉన్నాయో చెప్పండి.

నల్లమెట్లు
నా డిజిటల్ పియానోలో మీన్‌టోన్ (గాంధారాలు శుద్ధంగా ఉంచే పాత శ్రుతి పద్ధతి) పెట్టి చూశాను. సి మేజర్ ఎంత హాయిగా ఉందో! జి షార్ప్–ఇ ఫ్లాట్ నొక్కితే మాత్రం ఒళ్లు జలదరించింది. 702 ఉండాల్సింది 737 సెంట్లు. అలాంటి పంచమాన్ని తోడేలు (వుల్ఫ్) అని ఊరికే అనలేదు. బాఖ్ 1722 సంపుటి ‘వెల్-టెంపర్డ్ క్లావియర్’ని సమాన శ్రుతి (మెట్లన్నీ సమ దూరంలో ఉండే ఇప్పటి పియానో పద్ధతి) కోసమే రాశాడని చాలామంది అనుకుంటారు. ఆ పేరులో ఉన్న మాటకి అర్థం ‘చక్కగా సర్దిన’ అని, ‘సమానంగా’ అని కాదు.

స్పినెట్_కొత్త
ఎఫ్–ఏ నెమ్మదిగా ఊగుతోంది, బాగుంది. సి–ఇ మాత్రం గరగరలాడుతోంది, అచ్చం మామూలు పియానోలాగే.

తంబుర_తీగ
అయితే దొరికింది. ఇలాంటి గాంధారం నాలుగు పంచమాలు పేర్చితే వస్తుంది. ఎఫ్–ఏలో లేకుండా సి–ఇలో మాత్రమే ఉన్న పంచమం ఏ–ఇ ఒక్కటే. మీ ఇ ఎక్కువైంది. ముందు ఏతో శుద్ధంగా కలపండి, అలలు పూర్తిగా ఆగిపోవాలి. అక్కణ్ణుంచి ఇని *కిందికి* మాత్రమే దించండి. శ్రుతి చేసే కీ తిప్పడం కూడా అక్కర్లేదు, పిన్ను మీద చెయ్యి బరువు పెడితే చాలు.

మన చెవికి ఇది కొత్తేం కాదండీ. తంబుర మంద్ర షడ్జం మీటి ఆగితే అంతర గాంధారం దానంతట అదే పలుకుతుంది కదా, స్వయంభూ గాంధారం. అది 386 సెంట్లు. పియానోలో 400, వల్లోటి సి–ఇలో 392. ఆ గాంధారం మనసులో పెట్టుకుని వినండి.

బెల్లోస్
స్పినెట్ కాబట్టి మళ్లీ మళ్లీ తిప్పుకోవచ్చు. మా హార్మోనియం రీడును కొసన గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది, గీసిన లోహం తిరిగి రాదు. ఒకాయన కోసం గాంధారాలు శుద్ధంగా చేసిచ్చాను. అది స్కేల్ ఛేంజర్ పెట్టె. మెట్లు జరిపి షడ్జం మార్చగానే అన్నీ తప్పాయి. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టిందంటే, గమకం పలకదన్నదానితో పాటు ఈ శ్రుతి గొడవ కూడా ఉంది.

స్పినెట్_కొత్త
కలిసిందండీ! ఇ వెంట్రుకవాసి దించానంతే, బిని ముట్టుకోనేలేదు. ఇ–బి మిగతావాటిలాగే మెల్లగా ఊగుతోంది. సి–ఇలో సెకనుకు పదికి దగ్గరగా ఉన్న అలలు నాలుగుకి వచ్చాయి. ఎఫ్ షార్ప్ మేజర్ ఇంకా బిగుసుగానే ఉంది. అక్కడి గాంధారం 408 కాబట్టి అలాగే ఉంటుందన్నమాట. రేపు పై ఆక్టేవులు కలుపుతాను. మీకు చాలా థాంక్స్ తంబుర_తీగ గారూ.